పాత్రకు ప్రాణం

చదివిన కథను మరచిపోయినా ఆ కథలోని మనిషిని మరచిపోలేకపోవడం పాఠకులందరికీ అనుభవమే. కన్యాశుల్కం నాటకాన్ని ఆసాంతం చదవనివారు తెలుగునాట ఎందరో ఉన్నారు. గిరీశం పేరు విననివారు మాత్రం అరుదు. తీయని మాటలతో అప్పులు చేసి, తీర్చవలసిన వేళకు ముఖం చాటువేసే మనిషి ఎదురైతే అతణ్ణి గిరీశంతో పోల్చడం వాడుక అయింది. కాగితం మీద పుట్టిన వ్యక్తి కాగితం దిగివచ్చి వీధిలో తిరగడమంటే ఇదే. సకల సద్గుణాలతో అలంకృతులైన కథానాయకులెందరో పుస్తకం మూయగానే మాయమవుతుండగా, ఏ సద్గుణమూ లేని ఈ గిరీశం ఇన్ని తరాలు ఎట్లా బతికి ఉన్నాడు? ఆ భేదం రూపవర్ణనలో ఉన్నదా, సంభాషణా చాతుర్యంలో ఉన్నదా, సంఘటనల వైచిత్రిలో ఉన్నదా?

ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ వేటపాలెంలో ఒక యువకుడు కొన్ని నెలలు గడిపాడు. అతని అన్వేషణ గ్రంథాలయంలో మొదలై, సొంత ఇంటి మగ్గం గుంట దగ్గర ముగిసింది.

వేటపాలెం చెన్నై–విజయవాడ రైలుమార్గంలో చీరాలకు పొరుగున ఉన్న ఊరు. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోను, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. లోపలికి వెళితే పత్తి, మిరప పండే నల్లరేగడి నేలలు. తూర్పున ఇసుక నేలలు, జీడిమామిడి చెట్లు, వాటికి ఆవల సముద్రం. ఊరికి పేరు తెచ్చినవి మూడు: మగ్గం, జీడిపప్పు, గ్రంథాలయం. 1918లో నెలకొన్న సారస్వత నికేతనం ఆంధ్రదేశంలోని పేరెన్నికగన్న గ్రంథాలయాలలో ఒకటి. 1929లో దాని భవనానికి గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేశాడు. ఆయన చేతికర్ర ఒకటి అక్కడ భద్రపరచబడి ఉంది. పాత పత్రికల సంచికల కోసం దూరప్రాంతాల నుండి పరిశోధకులు ఆ గడప తొక్కుతుంటారు. మగ్గం చప్పుడు వినిపించే వీధిలో పుట్టి, సాయంకాలం ఆ గ్రంథాలయంలో కూర్చుని చదువుకొన్న పిల్లలు ఆ ఊరిలో తరతరాలుగా ఉన్నారు. ఈ యువకుడు వారిలో ఒకడు.

అతనిది నేత కుటుంబం. తండ్రి నలభై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చుని చీరలు నేశాడు. కొడుకు చీరాలలో డిగ్రీ చదివి, ఉద్యోగ ప్రయత్నాలు చేసుకొంటూ కథలు రాయసాగాడు. అతడు మిక్కిలి ఇష్టపడి రాసిన కథ ఒక నేతగాడిది. కథలోని నేతగాడు సాధువు, కష్టజీవి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అతనికి నూలు ఇచ్చి చీరలు నేయించుకొనే షావుకారు క్రూరుడు. మజూరి తగ్గిస్తాడు, అప్పు పెంచుతాడు, చివరకు మగ్గం ఊడబీకించుకొని పోతాడు. నేతగాడు గుండె పగిలి మరణిస్తాడు. కథ ముగిసేసరికి రాసినవాని కన్నులు చెమర్చాయి. పత్రికవారు మాత్రం దానిని తిప్పి పంపారు. మరొక పత్రికకు పంపితే అక్కడి నుండీ తిరిగివచ్చింది.

గ్రంథాలయానికి ప్రతి సాయంత్రం వచ్చే విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు ఒకాయన ఆ కథను చదివాడు. చదివి, మడిచి, చాలాసేపు బల్ల మీద ఉంచుకొన్నాడు.

"అబ్బాయ్, నీ నేతగాడికి ఏం కావాలి?" అని అడిగాడు.

యువకునికి ప్రశ్న అర్థం కాలేదు. "ఏమీ వద్దండీ మాస్టారూ. ఆయన మంచివాడు. ఆశలు లేనివాడు."

"మరి షావుకారుకు?"

"డబ్బు."

"డబ్బు అందరికీ కావాలి. అతనికి ఎందుకు కావాలి?"

యువకుడు సమాధానం చెప్పలేకపోయాడు. ఉపాధ్యాయుడు నవ్వలేదు, నిందించలేదు. "ఏమీ అక్కరలేనివాడు కథలో ఒక్క అడుగు కూడా వేయలేడు. నువ్వు నెట్టితే కదులుతాడు, ఆపితే ఆగుతాడు. చదివేవాడికి నీ చెయ్యి కనబడుతుంది, మనిషి కనబడడు" అని చెప్పి, బీరువా వైపు చూపించాడు. "ఈ నెలంతా రాయకు. చదువు. ప్రతి పాత్ర దగ్గరా ఆగి ఒకే ప్రశ్న వేసుకో."

యువకుడు మొదట తెరిచినది కన్యాశుల్కమే. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించబడి, 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ అప్పారావు 1909లో సమూలంగా తిరగరాశాడు. ఈసారి అతడు నవ్వుకోవడానికి చదవలేదు. ఎవరికి ఏమి కావాలో గుర్తించడానికి చదివాడు. గిరీశానికి కావలసినది శ్రమ లేని సుఖం; దానితో పాటు నలుగురిలో గొప్పవాడనిపించుకోవడం. విజయనగరంలో అప్పులవాళ్ల బెడద ఎక్కువైంది కనుక అతడు ఊరు విడిచిపోవాలి. శిష్యుడు వెంకటేశం పరీక్ష తప్పాడు కనుక తండ్రి కోపాన్ని తప్పించే అండ అతనికి కావాలి. ఈ రెండు అవసరాలు కలిశాయి; గురుశిష్యులు ఒకే బండి ఎక్కారు. అగ్రహారంలో అగ్నిహోత్రావధానికి వ్యాజ్యాల మీద ఆసక్తి. ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పే మనిషి కావాలి. ఆ కోరికను పసిగట్టి గిరీశం ఆ ఇంట కుదురుకొన్నాడు. ఎదుటివాని కోరిక ఏదో క్షణంలో గ్రహించి, దానిని తన కోరికకు మెట్టుగా వాడుకోవడమే గిరీశం విద్య. కథను రచయిత నడిపినట్లు అనిపించదు. పాత్రల అవసరాలే దానిని నడిపినట్లు అనిపిస్తుంది.

మధురవాణి వద్ద యువకుడు మరింతసేపు ఆగాడు. మొదటి ప్రతిలో పరిమితంగా ఉన్న ఆమె పాత్ర రెండవ ప్రతిలో నాటకానికే వెన్నెముక అయింది. సానివృత్తిలో ఉన్న స్త్రీకి డబ్బు మీద తప్ప ధ్యాస ఉండదని లోకం అనుకొంటుంది. కాని ఆమె పసిపిల్లను ముసలివానికి కట్టబెట్టే పెళ్లిని తప్పించడానికి కరటకశాస్త్రికి తోడ్పడుతుంది. ఆ పనిలో తన తెలివినంతా ఖర్చు చేస్తుంది. ఆమె లోపల డబ్బుకు మించిన కోరిక ఒకటి ఉన్నది. మంచివారి దృష్టిలో మనిషిగా నిలవాలన్నది ఆ కోరిక. సౌజన్యారావు పంతులు ఎదుట అది పైకి వచ్చినప్పుడు పాఠకుడు ఆశ్చర్యపడతాడు. ఆశ్చర్యపడిన మరుక్షణమే, ఇది మొదటినుండీ ఆమెలో ఉన్నదే కదా అనుకొంటాడు. ఉత్తమమైన పాత్ర ఇచ్చే ఆనందం ఈ రెండింటి కలయికలో ఉంది. పాత్ర చేసిన పని ఊహించనిదిగా ఉండాలి. ఆ పనికి మూలమైన కోరిక మాత్రం ముందే అక్కడ ఉండాలి.

తరువాత అతడు మాలపల్లి చదివాడు. గుంటూరు సీమకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ జాతీయోద్యమంలో పాల్గొని రాయవేలూరు జైలులో ఉండగా రచించిన ఈ నవల 1922లో వెలువడింది. అప్పటి ప్రభుత్వం దానిని నిషేధించింది. ఒక దళిత కుటుంబం అందులో కథాకేంద్రం. తండ్రి రామదాసు, కుమారులు వెంకటదాసు, సంగదాసు. ముగ్గురిదీ ఒకే గుడిసె. ముగ్గురి మీదా పడినది ఒకే అన్యాయం. అయినా ముగ్గురూ మూడు దారులు పట్టారు. రామదాసుకు మనశ్శాంతి కావాలి. అతడు భక్తిలో, వేదాంతంలో దానిని వెతుక్కొన్నాడు. సంగదాసుకు తనవారందరికీ గౌరవంతో కూడిన బతుకు కావాలి; కూలివాళ్లను కూడగట్టి శాంతియుతంగా నిలబడ్డాడు, భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు నేలకొరిగాడు. వెంకటదాసుకు అన్యాయానికి తక్షణ ప్రతిక్రియ కావాలి. అతడు తక్కెళ్ల జగ్గడుగా మారి, ఉన్నవారిని దోచి లేనివారికి పంచాడు.

పరిస్థితులే మనిషిని తయారుచేస్తాయన్నది సగం నిజమేనని యువకునికి ఇక్కడ బోధపడింది. ఒకే వాన పడినా వేపచెట్టు చేదునే కాస్తుంది, చింతచెట్టు పులుపునే కాస్తుంది. పేదరికాన్ని వర్ణించినంత మాత్రాన పేదవాడు పాత్ర కాడు. ఆ పేదరికంలో నిలబడి అతడు దేనికోసం చేయి చాస్తున్నాడో చెప్పినప్పుడే పాత్ర అవుతాడు. తన కథలో వర్ణన మాత్రమే ఉన్నదని, చాచిన చేయి లేదని అతడు గ్రహించాడు.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. మన ప్రాచీన నాట్యశాస్త్రకారులు కథాకార్యానికి అయిదు అవస్థలు చెప్పారు: ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. ఫలం మీద ఔత్సుక్యం కలగడమే ఆరంభం. అంటే నాయకుడు ఒకదానిని కోరుకొన్న క్షణంలోనే కథ పుడుతుందని వారి నిర్ణయం. ఆ తరువాత అతడు ప్రయత్నిస్తాడు, దొరుకుతుందేమోనన్న ఆశకూ దొరకదేమోనన్న భయానికీ నడుమ ఊగుతాడు, అడ్డంకులు తొలగి నిశ్చయానికి వస్తాడు, ఫలాన్ని పొందుతాడు. ఈ మెట్లన్నీ కోరిక అనే పునాది మీద లేచినవే. పునాది లేనిచోట సంఘటనలు ఎన్ని పేర్చినా అది ఇటుకల గుట్టే గాని ఇల్లు కాదు.

అయితే కోరిక ఉండటం ఒక్కటే చాలదు. ఆ కోరిక కోసం పాత్ర ఏమి వదులుకోగలదో తెలియాలి. మహాభారతంలోని ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు కర్ణునికి అతని జన్మరహస్యం చెబుతాడు. పాండవులలో జ్యేష్ఠుడవు నీవే, రాజ్యం నీదే అని ఆశ చూపుతాడు. కర్ణునికి రాజ్యం అక్కరలేక కాదు. గౌరవం కోసం జీవితమంతా తపించినవాడే అతడు. అయినా అవమాన సమయంలో తనను ఆదరించిన దుర్యోధనుని విడిచి రాలేనంటాడు. పెంచినవారి ప్రేమను కాదనలేనంటాడు. ఓటమి తప్పదని ఎరిగి కూడా ఆ పక్షాన నిలుస్తాడు. చేతికందిన దానిని దేనికోసం విడిచిపెట్టాడో చూచినప్పుడే ఆ మనిషి లోతు తెలుస్తుంది. కోరికకు తూకపురాయి త్యాగమే.

ఇందుకు దృష్టాంతం కావ్యాలలోనే వెతకనక్కరలేదు. వేటపాలేనికి పొరుగునే, 1921లో చీరాల–పేరాల ప్రజలు తమ మీద రుద్దిన పురపాలక సంఘాన్ని, దాని పన్నుల భారాన్ని నిరసిస్తూ ఇళ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసుకొన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో రామనగరమనే పేరుతో వెలసిన ఆ పాకల బస్తీలో దాదాపు పదకొండు నెలలు గడిపారు. పన్ను లెక్క మాత్రమే చూచుకొనేవాడు ఇల్లు విడిచి ఎండలో, వానలో పాకలో ఉండడు. వారు కోరుకొన్నది పన్ను మినహాయింపు ఒక్కటే కాదనడానికి వారు చెల్లించిన మూల్యమే సాక్ష్యం. చరిత్రకారుడు సంఘటనను చెబుతాడు. ఆ పాకలో తొలిరాత్రి పసిబిడ్డను పడుకోబెట్టిన తల్లి మనసులో ఏమి ఉన్నదో కథకుడు వెతకాలి.

కోరికలన్నీ పాత్రకు సొంతంగా పుట్టినవే కావు. కొన్ని వారసత్వంగా వస్తాయి. త్రిపురనేని గోపీచంద్ రచించిన అసమర్థుని జీవయాత్రలో సీతారామారావుకు వంశప్రతిష్ఠ అనే భారం తండ్రి నుండి సంక్రమించింది. దానిని నిలబెట్టాలన్న తహతహలో అతడు ఆస్తిని వెదజల్లాడు. ఆస్తి పోయిన తరువాత శ్రమించలేక, తగ్గి బతకలేక తనలో తానే కూలిపోయాడు. అతని శత్రువు వెలుపల ఎక్కడా లేడు. మరికొన్ని కోరికలు ఒకదాని వెనుక ఒకటి దాగి ఉంటాయి. 1866లో వెలువడిన దొస్తొయెవ్‌స్కీ నవల నేరము–శిక్షలో రస్కోల్నికోవ్ అనే విద్యార్థి వడ్డీవ్యాపారం చేసే వృద్ధురాలిని హత్య చేస్తాడు. పేదరికం వల్ల అని అనుకొంటాము. తల్లినీ చెల్లెలినీ ఆదుకోవడానికి అని అనుకొంటాము. అసాధారణ మానవులకు ధర్మం వర్తించదన్న తన సిద్ధాంతాన్ని పరీక్షించుకోవడానికి అని తరువాత తెలుస్తుంది. ఒక కారణం తీసిచూస్తే దాని కింద మరొక కారణం. మనిషి ఇతరులకు చెప్పే కారణం ఒకటి, తనకు తాను చెప్పుకొనే కారణం మరొకటి, చెప్పుకోవడానికి కూడా సాహసించనిది ఇంకొకటి. మంచి రచయిత ఈ మూడింటినీ ఎరిగి ఉంటాడు. ఎరిగినదంతా పైకి చెప్పడు.

నెల గడిచింది. యువకుడు తన కథను మళ్లీ చేతికి తీసుకొన్నాడు. ఒక కాగితం మీద నేతగాడి కోరికలు వరుసగా రాసుకొన్నాడు: కూతురి పెళ్లి, గూన పెంకుల కప్పు మరమ్మతు, కంటి ఆపరేషన్. వాటిలో ఏది కథలో పెట్టినా నేతగాడు బతకలేదు. అవి ఏ పేదవానికైనా ఉండగల కోరికలు. ఆ మనిషికే చెందినవి కావు. ఇక షావుకారు సంగతి చెప్పనక్కరలేదు. అతడు మొదటి ప్రతిలో ఉన్నట్లే మీసం దువ్వుతూ నిలబడి ఉన్నాడు.

అప్పుడు అతనికి తన ఇల్లు గుర్తుకు వచ్చింది. ఇంటి ముందరి గదిలో తండ్రి మగ్గం ఉంది. నడుము నొప్పి వల్ల తండ్రి నేత మాని మూడేళ్లయింది. గుంట పూడ్చి, గచ్చు చేయించి, అక్కడ చిన్న కిరాణా కొట్టు పెట్టుకొంటానని అన్న ఎన్నోసార్లు అడిగాడు. తండ్రి ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే ఇప్పుడు కాదన్నాడు, చూద్దామన్నాడు. దినదినమూ ఆ మగ్గం మీది దుమ్ము మాత్రం తుడిచేవాడు. ఇంటిల్లిపాదీ దానిని ముసలితనపు మొండితనంగా భావించారు. యువకుడు కూడా అట్లాగే భావించాడు. నెల రోజులుగా గిరీశానికి ఏమి కావాలో, కర్ణునికి ఏమి కావాలో అడుగుతున్నవాడు, ఇంట్లో ఉన్న మనిషిని ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ రాత్రి భోజనాలైన తరువాత తండ్రి పక్కన కూర్చుని అడిగాడు.

"నాన్నా, మగ్గం ఎందుకు తీయనివ్వవు?"

తండ్రి వెంటనే మాట్లాడలేదు. కాసేపటికి, "నీ రెండో ఏడు ఫీజు గుర్తుందా?" అన్నాడు.

"చీటీ పాడి కట్టానన్నావు కదా."

"చీటీ లేదు, ఏమీ లేదురా. షావుకారు దగ్గర తెచ్చాను. నాలుగు పడుగులు నేసి చెల్లేస్తానన్నాను. రెండు నేశాను. ఇంతలో నడుము పోయింది."

"ఆయన అడుగుతున్నాడా?"

"అడగడు. అడిగితే మగ్గం అమ్మి ఆయన మొహాన కొట్టేవాణ్ణి. అడగలేదు కనుకనే అమ్మలేకుండా ఉన్నాను. మగ్గం ఉన్నన్నాళ్లూ నేను బాకీదారుణ్ణి. గుంట పూడిస్తే ఎగ్గొట్టినవాణ్ణి."

యువకుడు చాలాసేపు తలవంచుకొని కూర్చున్నాడు. తాను చదివిన చదువులో సగం ఆ నేయని రెండు పడుగుల మీద నిలబడి ఉన్నదని అతనికి అప్పుడే తెలిసింది. చివరకు మెల్లగా, "అయితే షావుకారు మంచివాడేనన్నమాట" అన్నాడు.

తండ్రి నవ్వాడు. "మంచివాడని రాసేసుకోకు. బయానా ఉన్న నేతగాడు ఇంకొకరి దగ్గరకు పోడు కదా. ఆ ఏడు ఆయన దగ్గర నాలుగు మగ్గాలు చెయ్యి జారిపోయాయి. నేనూ పోతానేమోనని భయం ఆయనకు. అయితే పిల్లవాడి చదువు అనగానే లెక్క చూడకుండా తీసి ఇచ్చాడు. ఆయన కొడుకు చదువు మధ్యలోనే ఆగిపోయిందిలే. ఏది ఎంతపాలో ఎవరు తూచగలరు?"

కథారచనను గూర్చి యువకుడు చదివినదంతా ఆ నాలుగు మాటలలో ఒదిగిపోయింది. భయం, వ్యాపారం, కొడుకు మీది దిగులు—ఈ మూడూ కలిసి ఒక చేతిని పెట్టె మూత తీయించాయి. వాటిలో ఏ ఒక్కదానిని తీసివేసినా ఆ షావుకారు అబద్ధమవుతాడు. కేవలం వ్యాపారమే అంటే దుష్టుడవుతాడు. కేవలం జాలి అంటే దేవుడవుతాడు. రెండింటిలోనూ మనిషి కాడు. అట్లాగే తండ్రి మగ్గాన్ని ఉంచుకొన్నది వృత్తి మీది ప్రేమవల్లనేనని రాస్తే వినడానికి ఇంపుగా ఉండేది, నిజం కాకపోయేది. మాట నిలుపుకోలేని అవమానాన్ని మాట మిగిలి ఉన్నదన్న చిన్న ఆధారంతో కప్పుకోవడం అతని కోరిక. అది ఆ నేతగాడికే చెందినది. మరొకనికి అతకదు.

యువకుడు కథను మొదటినుండి రాశాడు. ఈసారి ఎవరూ మగ్గం ఊడబీకలేదు. ఎవరూ గుండె పగిలి చనిపోలేదు. అప్పు అడగని షావుకారు, అప్పు తీర్చలేని నేతగాడు, దుమ్ము తుడవబడుతున్న ఒక మగ్గం—అంతే కథ. షావుకారులో ఉన్న స్వార్థాన్ని అతడు దాచలేదు. తక్కువ మజూరీని, బయానా అనే కట్టుతాడును ఉన్నవి ఉన్నట్లే చెప్పాడు. పాత్ర ఎందుకు అట్లా చేసిందో తెలుసుకోవడం ఆ పాత్ర తప్పును మాఫీ చేయడం కాదు. తెలుసుకోకుండా తీర్పు చెప్పడం రచయితకు సులభం; తెలుసుకొని, తీర్పును పాఠకునికి విడిచిపెట్టడం కష్టం. తనకు నచ్చిన పాత్రకు ఇచ్చినంత శ్రద్ధ నచ్చని పాత్రకు కూడా ఇవ్వడమే రచయిత పాటించవలసిన న్యాయం.

నేతగాని ఇంట పుట్టినవానికి ఈ సంగతి మగ్గమే చెప్పగలదు. పడుగు ముందే పరచి, బిగించి ఉంటుంది. పేక నాడె కదలికతో ఒక్కొక్క పోగుగా వచ్చి దానితో కలుస్తుంది. పడుగు లేనిదే నాడె ఎన్నిసార్లు అటూ ఇటూ పరుగెత్తినా ఒక్క బెత్తెడు గుడ్డ కూడా తయారుకాదు. పాత్ర చేసే పనులు పేక వంటివి. అవి ఒకటొకటిగా మన కన్నుల ఎదుట జరుగుతాయి. పాత్ర కోరిక పడుగు వంటిది; కథ ప్రారంభం కాకముందే రచయిత మనసులో అది బిగించి ఉండాలి.

ఉపాధ్యాయుడు కొత్త ప్రతిని చదివి, "ఇప్పుడు వీళ్లు నీ మాట వినడం లేదు, సంతోషం" అన్నాడు. అంతకుమించి మెచ్చుకోలేదు.

కథను పత్రికకు పంపేముందు యువకుడు తండ్రికి చదివి వినిపించాడు. మగ్గం పక్కన గోడకు ఆనుకొని, కన్నులు మూసుకొని తండ్రి మొత్తం విన్నాడు. బాగున్నదని గాని, బాగులేదని గాని అనలేదు. చాలాసేపటికి ఒక్క మాట మాత్రం సరిచేశాడు.

"షావుకారు మన ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడని రాశావు. ఆయన నిలబడలేదురా. అరుగు మీద కూర్చున్నాడు. నిలబడితే బాకీ అడగడానికి వచ్చినట్టుంటుందని."

ఆ రాత్రి యువకుడు ఆ వాక్యాన్ని కొట్టివేసి, షావుకారును అరుగు మీద కూర్చోబెట్టాడు.